సంఘ కార్యాలయమునకు మేనేజ్‌డ్ స్విచ్చి: కొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

మన చేనేత సహకార సంఘములలో లెక్కలు కాగితపు పద్దు పుస్తకముల నుండి కంప్యూటరులోనికి మారి కొన్ని సంవత్సరములైనది. నూలు చిలపల రాబడి, ఇంటింటికి ఇచ్చిన పడుగులు, నేసి తెచ్చిన చీరెలు, చెల్లింపవలసిన నేత కూలి, దుకాణపు బిల్లు, బ్యాంకునకు పంపు పట్టీ - ఇవన్నియు నేడు కార్యాలయములోని నాలుగైదు యంత్రముల నడుమ తీగెల మీద నడచుచున్నవి. ఆ తీగెలన్నియు వచ్చి చేరు చిన్న పెట్టెనే స్విచ్చి అందురు. గోడ మీది దీపపు మీటను గురించి కాదు, కంప్యూటరుల కూడలి పెట్టెను గురించియే ఇక్కడ ఈ మాట వాడుచున్నాము. ఆ పెట్టె పనిచేయని నాడు కూలి పట్టీ బ్యాంకునకు పోదు. కావున ఇది కార్యదర్శియు గుమాస్తాయు మాత్రమే ఎరుగవలసిన సంగతి కాదు. కూలి అందుకొను ప్రతి ఇంటివారును కొంత ఎరిగియుండుట మేలు.

ధర్మపురి, కృష్ణగిరి, సేలం ప్రాంతములలో మనకు ఇంటిలో తెలుగు, బజారులో తమిళము. యంత్రముల వర్తకులు తెచ్చు ధరల పట్టిక మాత్రము ఇంగ్లీషులో నుండును. అందులో ‘మేనేజ్‌డ్’ అను మాట, దాని క్రింద పది పండ్రెండు పొడి అక్షరముల పేర్లు, చివర పెద్ద మొత్తము కనబడును. పాలకవర్గ సభ్యులు ఒకరి ముఖము ఒకరు చూచుకొని సంతకము చేయుదురు, లేదా ఖర్చునకు వెరచి త్రోసివేయుదురు. రెండును సంఘమునకు నష్టమే. ఆ పేర్లలో ఏది మనకు పనికివచ్చును, ఏది పనికిరాదు అను సంగతి తెలియుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

ముందు స్విచ్చి చేయు పని చూతము. ఈథర్నెట్ అను తీగె పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు రూపొందించిరి. 1983లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ దానిని 802.3 అను సంఖ్యతో ప్రమాణముగా ప్రకటించినది. తొలి రోజులలో యంత్రములన్నియు ఒకే తీగెను పంచుకొనెడివి. ఒకటి పలికిన మాట అన్నిటికిని వినబడెడిది. రెండు ఒకేసారి పలికినచో రెండు మాటలును చెడెడివి. ఈ చిక్కును తీర్చు స్విచ్చిని 1990లో మొట్టమొదట అమ్మకమునకు తెచ్చిన సంస్థ పేరు ‘కల్పన’. కాలిఫోర్నియాలో ఆ సంస్థను నెలకొల్పిన వినోద్ భరద్వాజ్ మన దేశపు మూలము గలవాడే. తన భార్య పేరును దానికి పెట్టెను. ఆ తొలి పెట్టెకు ఏడు పోర్టులు, అనగా తీగె దూర్చు రంధ్రములు, ఉండెడివి. 1994లో సిస్కో సంస్థ వారు దానిని కొనిరి.

ప్రతి యంత్రమునకును చేసినవారే పండ్రెండు అక్షరముల చిరునామా ఒకటి వేసి పంపుదురు. ఏ చిరునామా ఏ పోర్టు వైపు ఉన్నదో స్విచ్చి తనంతట తానే కనిపెట్టి గుర్తుంచుకొనును. నూలు పంచు గుమాస్తా ఎవరి మూట వారి ఇంటికే చేర్చినట్లు, ఎవరి మాట వారి తీగె మీదికే పంపును. సాధారణ స్విచ్చి చేయునది ఇంతే. దానికి మనము చెప్పునదియు లేదు, అది మనకు చెప్పునదియు లేదు.

ఒకే గదిలో మూడు నాలుగు కంప్యూటరులు, ఒక ముద్రణ యంత్రము మాత్రమే గల చిన్న సంఘమునకు ఈ సాధారణపు పెట్టె చాలును. వెయ్యి, రెండువేల రూపాయలలో ఎనిమిది పోర్టులది దొరకును. అట్టి సంఘమునకు వేలకు వేలు పోసి మేనేజ్‌డ్ స్విచ్చి అంటగట్టజూచు వర్తకునికి నమస్కారము పెట్టి పంపివేయవచ్చును. కాని దుకాణము, గిడ్డంగి, కెమేరాలు, వచ్చిపోవువారికి వైఫై, వీటన్నిటిని ఒకే తీగెల కూడలికి తగిలించిన సంఘము సంగతి వేరు. అక్కడ మనము చెప్పినట్లు విను పెట్టె కావలెను. మేనేజ్‌డ్ అను మాటకు అర్థము అదియే.

అన్నిటికంటె విలువైన గుణము వీల్యాన్ అనునది. ఒకే స్విచ్చిని లోపల కొన్ని వేరువేరు స్విచ్చిలుగా విభజించుట అని దీనిని అనుకొనవచ్చును. ఒకే మగ్గము మీద అంచు పడుగు వేరు, ఒడలు పడుగు వేరుగా నడచుట మనకు క్రొత్త కాదు. రంగులు ఒకదానిలో ఒకటి కలియవు. అట్లే ఒకటి నుండి ఆరు వరకు పోర్టులు లెక్కల విభాగము, ఏడు నుండి పది వరకు దుకాణము, పదునొకటి నుండి పదునెనిమిది వరకు కెమేరాలు, మిగిలినవి అతిథుల వైఫై అని మనము నిర్ణయించి ఒక్కొక్క విభాగమునకు సంఖ్య నీయవచ్చును. ఒక విభాగపు మాట మరియొక దానికి వినబడదు. 1998లో వెలువడిన 802.1క్యూ అను ప్రమాణము ప్రకారము ప్రతి మాట మూటకును నాలుగు బైట్ల చీటీ తగిలింతురు. అందులో విభాగపు సంఖ్య యుండును. 1 నుండి 4094 వరకు సంఖ్యలు వాడవచ్చును. మనకు నాలుగు చాలును. ఒక స్విచ్చి నుండి మరియొక స్విచ్చికి పోవు తీగె మీద అన్ని విభాగముల మూటలును చీటీలతో కలిసి నడచును. దానిని ట్రంకు పోర్టు అందురు. ఒక్క యంత్రమునకు పోవు పోర్టును యాక్సెస్ పోర్టు అందురు. పనివాడు తీగెలు బిగించునప్పుడు ఈ రెండు మాటలే ఎక్కువగా వినబడును.

ఇంత శ్రమ యెందుకని అడుగువారు కలరు. 2016లో మిరాయ్ అను దుష్ట కార్యక్రమము లోకములోని లక్షలాది కెమేరాలలోను, వాటి రికార్డు పెట్టెలలోను, ఇంటి రౌటరులలోను దూరినది. అది వాడిన తాళపుచెవి మరేమియు కాదు, చేసినవారు వేసి పంపిన సంకేత పదమే. కొన్నవారు దానిని మార్చలేదు. ఆ సంవత్సరము అక్టోబరులో ఆ యంత్రముల చేతనే దాడి చేయింపగా అమెరికాలో పేరుగల వెబ్ స్థలములు గంటల కొలది అందకుండ పోయినవి. మన గిడ్డంగి ద్వారము పైని కెమేరాయు ఆ జాతిదే. అది లెక్కల కంప్యూటరుతో ఒకే విభాగములో ఉన్నచో, కెమేరాలో దూరినవాడు కూలి పట్టీ గుమ్మము ముందు నిలిచినట్లే. వీల్యాన్ ఆ గుమ్మమునకు అడ్డుగోడ.

ఇక్కడ ఒక హెచ్చరిక. గోడ కట్టిన తరువాత అవసరమైన చోట తలుపు పెట్టువాడు కూడ కావలెను. దుకాణపు బిల్లు యంత్రము లెక్కల యంత్రమునకు రాత్రి మొత్తము పంపవలెనన్నచో, ఆ రెండు విభాగముల నడుమ మూటను దాటించునది రౌటరు, లేదా లేయరు-3 అను పై తరగతి స్విచ్చి. ఇంటర్నెట్ వర్తకుడు ఉచితముగా ఇచ్చు పెట్టెలలో చాలవాటికి విభాగపు చీటీలు చదువుట రాదు. ఖరీదైన స్విచ్చి కొని, విభాగములు చేసి, చివరకు అతిథుల వైఫైకి ఇంటర్నెట్ రాలేదని మొత్తము విప్పి మరల ఒకటిగా కలిపిన చోట్లు మేమెరుగుదుము. రౌటరునకు వీల్యాన్ తెలియునా అని ముందుగా అడుగవలెను.

రెండవ గొప్ప గుణము ఉచ్చు పడకుండ కాచుట. పండుగ రిబేటు అమ్మకముల ముందు బల్లలు జరుపునప్పుడు, ఊడియున్న తీగె కొన ఒకటి కనబడగా మంచి మనసుతో ఎవరో దానిని దగ్గరి రంధ్రములో దూర్తురు. దాని రెండవ కొన కూడ అదే స్విచ్చిలో నున్నదని వారెరుగరు. ‘అందరికిని’ అని పలుకు మాటలు కొన్ని తీగెల మీద ఎప్పుడును ఉండును. అట్టి మాట ఈ ఉచ్చులో పడినచో తిరిగి తిరిగి వచ్చును. ప్రతి తిరుగుడునకును క్రొత్త ప్రతులు పుట్టును. ఆగుటకు హద్దు లేదు. కొద్ది క్షణములలో కార్యాలయమంతయు స్తంభించును. దీపములన్నియు ఒకేసారి మినుకుమినుకుమని కొట్టుకొనుచుండును, బిల్లు యంత్రము కదలదు, ఇంటర్నెట్ వర్తకుని తిట్టుదురు. దోషము అతనిది కాదు.

దీనికి మందు కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా వనిత. 1985లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థలో పనిచేయుచు ఆమె రూపొందించిన ‘స్పానింగ్ ట్రీ’ పద్ధతి 1990లో 802.1డి అను ప్రమాణములో చేరినది. స్విచ్చిలు తమలో తాము చిన్న చీటీలు పంపుకొని ఒకదానిని మూలముగా ఎన్నుకొనును. మూలము నుండి ప్రతి చోటికిని ఒకే దారి ఉండునట్లు చూచి, అదనపు దారిని మూసియుంచును. ఉన్న దారి తెగినచో మూసినదానిని తెరచును. పాత పద్ధతిలో తెరచుటకు ముప్పది నుండి ఏబది సెకండ్లు పట్టెడిది. 2001లో వచ్చిన ర్యాపిడ్ పద్ధతిలో సాధారణముగా కొద్ది సెకండ్లలోపే పని ముగియును. కొన్ని తక్కువ ధర స్విచ్చిలలో స్పానింగ్ ట్రీ లేకున్నను, ఉచ్చును కనిపెట్టి ఆ పోర్టును మూయు ‘లూప్ డిటెక్షన్’ ఉండును. చిన్న సంఘమునకు అదియు మేలే. ఇవి పెట్టెలో నుండుట చాలదు, వాడుకలో పెట్టియుండవలెను. కొన్ని పెట్టెలు వీటిని ఆపియుంచి వచ్చును.

మూడవది, పిలువని పెట్టె బాధ. మేడ మీది గదిలో వైఫై సరిగా అందలేదని ఒక గుమాస్తా ఇంటి నుండి పాత వైఫై పెట్టె తెచ్చి గోడ రంధ్రమునకు తగిలించును. అది ఊరకుండదు. కంప్యూటరులకు చిరునామాలు పంచు పని నాదే యని తానును పంచ మొదలిడును. సగము యంత్రములకు తప్పు చిరునామాలు చేరి, సగము పనిచేయుచు సగము ఆగియుండును. ఇట్టి రోగమును పట్టుకొనుట మిక్కిలి కష్టము. మేనేజ్‌డ్ స్విచ్చిలో ‘డి.హెచ్.సి.పి. స్నూపింగ్’ అను గుణమున్నచో, చిరునామాలు ఏ పోర్టు నుండి మాత్రమే రావచ్చునో మనము చెప్పవచ్చును. ఇతర పోర్టుల నుండి వచ్చినవి అక్కడనే ఆగిపోవును. ‘పోర్టు సెక్యూరిటి’ అనునది దీనికి చెల్లెలు వంటిది: ఈ రంధ్రములో ఈ యంత్రమే, మరియొకటి వలదు. అయితే యంత్రపు చిరునామాను దొంగిలించి వేసికొనుట తెలిసినవానికి కష్టము కాదు కనుక దీనినే నమ్మి నిద్రపోరాదు. వాడని పోర్టులను మూసివేయుట అన్నిటికంటె సులువైన కాపుదల. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక పి.ఓ.ఇ., అనగా కబురు పోవు తీగెలోనే కరెంటు కూడ పంపుట. కెమేరాకు వేరే కరెంటు తీగె లాగనక్కరలేదు. పై కప్పున సాకెట్టు పెట్టనక్కరలేదు. 2003 ప్రమాణము ప్రకారము ఒక పోర్టు 15.4 వాట్ల వరకు ఇచ్చును. తీగెలో కొంత పోగా కెమేరాకు 12.95 వాట్ల వరకు చేరుటకు హామీ. 2009 ప్రమాణములో ఇది 30 వాట్లు. 2018 దానిలో 90 వాట్ల వరకు పెరిగినది. ధరల పట్టికలో మోసపోవుటకు ఎక్కువ తావున్న చోటు ఇదియే. ఇరువదినాలుగు పోర్టుల పి.ఓ.ఇ. స్విచ్చి అని వ్రాసియుండును. ఇరువదినాలుగింటికిని 15.4 చొప్పున ఇయ్యవలెనన్న 369.6 వాట్లు కావలెను. పెట్టె మొత్తము శక్తి 190 వాట్లు మాత్రమే అయినచో పండ్రెండు పోర్టులకే నిండుగా చాలును. కెమేరాలు సాధారణముగా అంత త్రాగవు కనుక ఎనిమిది కెమేరాల సంఘమునకు ఇబ్బంది లేదు. కాని ‘మొత్తము పి.ఓ.ఇ. బడ్జెటు ఎన్ని వాట్లు?’ అని అడుగక కొనరాదు. కరెంటు పోయినపుడు ఈ కెమేరాల భారమంతయు స్విచ్చి ద్వారా యు.పి.ఎస్. మీద పడుననియు గుర్తుంచుకొనవలెను.

మేనేజ్‌డ్ స్విచ్చికి మేలేమనగా, ఆగిపోయిన కెమేరా పోర్టునకు కరెంటు తీసి మరల ఇచ్చుట కార్యాలయములో కూర్చుండియే చేయవచ్చును. నిచ్చెన ఎక్కనక్కరలేదు.

దూరము సంగతి. రాగి తీగె మీద ఈథర్నెట్ మాట నూరు మీటరులకు మించి నమ్మకముగా పోదు. గిడ్డంగియో, అద్దకపు షెడ్డో అంతకంటె దూరమున్నచో, స్విచ్చిలో ఎస్.ఎఫ్.పి. అను చదరపు రంధ్రములున్నవా చూడవలెను. వాటిలో తగిన మాడ్యూలు దూర్చి గాజు తీగె, అనగా ఫైబరు, లాగవచ్చును. కిలోమీటరుల దూరమైనను పోవును. దూరము నూరు మీటరుల లోపే అయినను రెండు వేరు కట్టడముల నడుమ ఫైబరే మంచిదని మా అభిప్రాయము. మన ప్రాంతములో ఎండకాలపు చివరి ఉరుముల వానలు తెలిసినవే. రాగి తీగె పిడుగు దెబ్బను ఒక కట్టడము నుండి మరియొకదానికి మోసికొనిపోవును. గాజు తీగె మోయదు. లోపల ఇనుప తీగె లేని రకమే అడుగవలెను.

కొన్ని గుణములను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘క్యూ.ఓ.ఎస్.’ అనునది ముఖ్యమైన మాటలను ముందు పంపుట. 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులు. తీగె ఫోనులు ఎక్కువగా గల పెద్ద కార్యాలయమునకు ఉపయోగము. ఇంటర్నెట్ మెల్లగా వచ్చుచున్నదని దీనిని కొనువారు నిరాశ పడుదురు. బయటి దారి ఇరుకైనచో లోపలి వరుస ఎంత చక్కగా నున్నను దారి వెడల్పు కాదు. రెండు తీగెలను జతచేసి ఒకటిగా వాడు ‘లింక్ అగ్రిగేషన్’ మన వంటి సంఘములకు అరుదుగానే కావలసివచ్చును.

స్విచ్చి మనకు చెప్పు సంగతులు మాత్రము విలువైనవి. ప్రతి పోర్టులో ఎన్ని మూటలు పోయినవి, ఎన్ని చెడినవి అను లెక్క అది వ్రాసియుంచును. ఒక్క పోర్టులో మాత్రమే చెడిన మూటలు పెరుగుచున్నచో ఆ తీగెను ఎలుక కొరికినదో, కొన సరిగా బిగియలేదో, లేక ఆ యంత్రపు కార్డు చెడినదో అనుకొని ముందుగా తీగె మార్చి చూడవచ్చును. దీని వలన ఎన్నో దినములు వెదకు పని గంటలో తేలును. ఏ పోర్టు ఎప్పుడు తెరువబడినది, ఎవరు లోనికి వచ్చి మార్పులు చేసిరి అను దినచర్యయు ఉండును. పెట్టె గడియారము సరిగా లేనిచో ఈ దినచర్య వ్యర్థము. ఇంటర్నెట్ ద్వారా గడియారమును సరిదిద్దుకొను ఏర్పాటు చేయవలెను. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలు 28న ఇచ్చిన ఆదేశములలో గడియారములు సరిదిద్దియుంచుట, దినచర్యలను 180 దినములు భద్రపరచుట అను రెండు సంగతులు కలవు. స్విచ్చి లోపలి జ్ఞాపకము చిన్నది, కరెంటు పోయిన కొన్నిటిలో చెరిగిపోవును. కావున ఒక కంప్యూటరునకు దినచర్య పంపు ‘సిస్‌లాగ్’ గుణము ఉన్నదా అని చూడవలెను.

తాళపుచెవి ఎవరి వద్ద నున్నది? ఇది యంత్రపు సంగతి కాదు, సంఘపు సంగతి. పెట్టె బిగించిన పనివాడు తనకు తోచిన సంకేత పదము పెట్టి పోవును. రెండేండ్ల తరువాత ఒక పోర్టు మార్చవలెనన్న అతనినే పిలువవలెను. అతడు బెంగళూరులో నుండును, లేదా వృత్తియే మానియుండును. అప్పుడు పెట్టెను మొదటి స్థితికి త్రిప్పుట తప్ప మార్గముండదు, విభాగములన్నియు చెరిగిపోవును. కావున పని ముగిసిన నాడే సంకేత పదమును కార్యదర్శి సమక్షమున మార్చి, కాగితము మీద వ్రాసి, కవరులో ముద్రవేసి, చెక్కు పుస్తకములుండు ఇనుప బీరువాలోనే ఉంచవలెను. ఉద్యోగి మారినపుడు దానిని మార్చి మినిట్సులో వ్రాయవలెను. అమరికల నకలు ఒకటి వేరుగా దాచవలెను. ఏ పోర్టు ఏ గదికి అను పటము గీసి పెట్టె తలుపు లోపలి వైపు అంటింపవలెను. స్విచ్చితో మాటలాడుటకు టెల్నెట్ అను పాత దారి తెరచియున్నచో మూయించవలెను; దానిలో సంకేత పదము దాపరికము లేకుండ తీగె మీద పోవును.

కొనుగోలునకు వచ్చినచో, బజారులో మూడు తరగతులు కలవు: ఏమియు చెప్పనక్కరలేని సాధారణ స్విచ్చి, కంప్యూటరు తెర మీద కొన్ని ముఖ్య గుణములు సరిదిద్దుకొనదగిన ‘స్మార్ట్’ స్విచ్చి, అన్ని గుణములు గల పూర్తి మేనేజ్‌డ్ స్విచ్చి. దుకాణము, ఎనిమిది పది కెమేరాలు గల సంఘమునకు నడిమి తరగతియే చాలునని మా తలంపు, వీల్యానును ఉచ్చు కాపుదలయు అందులో నున్నచో. చిరునామాల కాపుదల కొన్ని స్మార్ట్ పెట్టెలలో ఉండదు, అడిగి తెలిసికొనవలెను. తయారీదారు ఇంకను లోపములు సవరించు క్రొత్త సాఫ్ట్‌వేరు విడుదల చేయుచున్న మాదిరి కావలెను. అమ్మకము ఆగిపోయిన పాత మాదిరి చవకగా వచ్చినను వలదు. ఎండకాలములో వేడెక్కు గదిలో పెట్టునట్లయితే ఎంత వేడి తాళునో కాగితము మీద చూడవలెను. ఫ్యాను లేని పెట్టెలో నూలు దూది చేరి ఫ్యాను ఆగిపోవు బాధ యుండదు; కాని దాని గాలి రంధ్రములను మాత్రము అప్పుడప్పుడు తుడువవలెను.

బిల్లు చెల్లించుటకు ముందు సెలవు దినమున రెండు పరీక్షలు చేయించవలెను. మొదటిది: అతిథుల వైఫైలో చేరిన ఫోను నుండి లెక్కల కంప్యూటరును పిలువవలెను, బదులు రాకూడదు. అదే ఫోనులో ఇంటర్నెట్ మాత్రము రావలెను. రెండవది: ఒక చిన్న తీగె రెండు కొనలను స్విచ్చిలోని రెండు ఖాళీ పోర్టులలో కావలెననియే దూర్చవలెను. ఖాళీ పోర్టులు మూసియున్నచో ఈ పరీక్ష కొరకు తెరచి, పిదప మరల మూయించవలెను. ఆ రెండింటిలో ఒకటి మూసికొని, దుకాణపు బిల్లు యంత్రము ఎప్పటివలె పనిచేయుచుండవలెను. పనివాడు ఈ రెండును చూపలేకపోయినచో మిగిలిన పైకము నిలిపియుంచి, సరిచేయుమని వ్రాతమూలకముగా కోరవలెను. రౌటరును గురించి వేరొక పాఠము వ్రాయుదుము.